సోమవారం డబ్బా

తప్పులుంటే దిద్దుకుని చదవండి. నేను అక్షరాలు పట్టుకున్నది యాభై ఎనిమిదో ఏట, మా ఆయన పోయిన తర్వాత. ఒత్తులు ఇప్పటికీ నా మాట వినవు. ఒక పేజీకి రెండు రోజులు పడుతుంది. వర్ణనలు నాకు చేతకావు, అందుకని ఎవరి మాట వాళ్ళ నోటే ఉంచాను.

పిల్లల ఆసుపత్రిలో శాంపిళ్ళు తీసుకునే గది. బల్లకి అటు శాంపిళ్ళ అమ్మాయి, ఇటు పగలంతా పిల్లల్ని చూసుకునే పెద్దావిడ. మధ్యాహ్నం పన్నెండు దాటింది.

"అందుకే ఫోన్ చేసి రమ్మన్నాను పెద్దమ్మా. ఫోన్లో చెప్పే మాట కాదు. ముందు కూర్చో."

"కూర్చోడానికి వచ్చానా తల్లీ? చెప్పు. గుండె చేత్తో పట్టుకుని వచ్చాను."

"పిచ్చుకని తెచ్చావా?"

"తెచ్చాను. బయట బెంచీ మీద మా అమ్మాయి దగ్గరున్నాడు. మనవడని పేరే గానీ, ఎత్తుకుంటే చంకలో ఏమీ ఉన్నట్టే ఉండదు."

"మా చిట్టి?"

"ఉంది."

"ఎవరి దగ్గర? పొద్దున నీ చేతికిచ్చి వస్తుంటే కొంగు వదిలితేనా! రాత్రి ఒళ్ళు కూడా కాస్త వెచ్చగా ఉంది. పళ్ళొస్తున్నాయేమో."

"మావాళ్ళ దగ్గరే ఉంది, పడుకుంది. నువ్వు సంగతి చెప్పు. డబ్బా అన్నావు, రిపోర్టు అన్నావు."

"మొన్న సోమవారం నువ్వు తెచ్చిన పిచ్చుక దొడ్డి డబ్బాలో చెడ్డ క్రిమి కనపడింది."

"క్రిమా? మీరు వెతికేదే క్రిముల్ని కదా. పిల్లల పేగుల్లో కోట్లకి కోట్లుంటాయి, మంచివీ ఉంటాయి అని బొమ్మ చూపించి మరీ చెప్పావు. ముప్ఫై ఏళ్ళు పిల్లల ముడ్లు కడిగాను, ఇంత కథ ఉందని ఎవరూ చెప్పలేదే అని నవ్వాను కూడా."

"అవి వేరు. మేం లెక్కపెట్టేవి ఉండాల్సినవి. ఇది ఉండకూడనిది. అయినా భయపడకు. ఇలాంటి వాళ్ళ కోసం మా మూడు వందల పిల్లల పరీక్షకి ఒక పడక విడిగా పెట్టారు. ఒక్కటే. పొద్దున్నే ఖాళీ అయింది. పిచ్చుక పేరు రాసేస్తున్నాను."

"పడకా? వాడికా?"

"వాడికే."

"నిజంగా?"

"నీతో పరాచికాలాడే తీరిక ఉందా నాకు?"

"మూడు ఆసుపత్రులు తిరిగాను తల్లీ. ఒకచోట చీటీ రాసిచ్చి పొమ్మన్నారు. ఒకచోట చీటీ కూడా లేదు. నిన్నటికి నిన్న మీ వార్డు గుమ్మంలోనే నిలబెట్టి, బక్కపిల్లలందరికీ పడకలిచ్చుకుంటూ పోతే మేం నేల మీద పడుకోవాలి అంది మీ పెద్ద నర్సమ్మ."

"నిన్న రిపోర్టు లేదు. ఇవాళ ఉంది. రిపోర్టు ఉంటే ఏ ఆసుపత్రీ కాదనడానికి వీల్లేదు. సరే, డాక్టరుగారు ఒంటిగంటకి వెళ్ళిపోతారు, అడిగినవాటికి టకటకా చెప్పు. విరేచనాలు ఎన్నాళ్ళ నుంచి?"

"నెల దాటింది."

"ఆ పాత సంగతి కాదు. ఈ మూడు రోజుల్లో ఏమైనా మారాయా? నెత్తురు జీరగానీ..."

"వాడికి లేదు."

"వాడికి లేదంటే?"

"అంటే... లేదనే. ఎప్పట్లాగే నీళ్ళు పోతున్నాయి."

"జ్వరం?"

"లేదు. ఒళ్ళు చల్లగా ఉంటోంది. అదే భయం."

"కడుపు నొప్పికి మెలికలు తిరగడం?"

"మెలిక తిరిగేంత ఓపిక ఎక్కడుంది వాడికి."

"వింతగా ఉందే. వీటిలో ఒక్కటైనా కనపడాలి. నెత్తురు లేదు, జ్వరం లేదు, నొప్పి లేదు..."

"కనపడకపోతే పడక ఇవ్వరా? అయితే ఉన్నాయనే రాయి."

"పెద్దమ్మా!"

"రాయి తల్లీ. నీ కలం ఏమైనా అరిగిపోతుందా?"

"లేనివి రాస్తే లేని రోగానికి వైద్యం చేస్తారు. రిపోర్టు ఉంది, అది చాల్లే. అమ్మ సంతకం కావాలి. మీ అమ్మాయిని లోపలికి రమ్మను."

"ఇప్పుడొద్దు. ఉండనీ. ఒక మాట అడుగుతాను. ఈ క్రిమి ఉన్న పిల్లకి... పిల్లాడికి, వైద్యం జరక్కపోతే ఏమవుతుంది?"

"కొంతమందికి వారంలో దానంతటదే పోతుంది. కొంతమందికి మూత్రపిండాల మీదకి ఎక్కుతుంది. ముందు పాలిపోతారు. మత్తుగా పడి ఉంటారు. ఉచ్చ తగ్గిపోతుంది. అప్పటికి ఆసుపత్రిలో ఉంటే బతికించుకోవచ్చు."

"ఉచ్చ తగ్గడమంటే? పొద్దున్నుంచి ఒక్కసారే పోస్తే?"

"పిచ్చుక పొద్దున్నుంచి ఒక్కసారే పోశాడా? మరి ఇంతసేపూ చెప్పవేం!"

"వాడు కాదు."

"మరెవరు?"

"ఊరికే అడిగాను. నీ మాటలకి కంగారు పుట్టి ఏదో అడిగాను."

"అమ్మా, ఒక్కసారి ఇటు రా. మళ్ళీ అయింది."

"వస్తున్నానే. నువ్వక్కడే కూర్చో. లోపలికి రాకు, తలుపు దగ్గరికెయ్యి."

"పాపం మీ అమ్మాయిని అలా కసురుతావేంటి? దొడ్డికి అయితే మంచిదేగా. ఇదిగో డబ్బా, పట్టుకెళ్ళు. ప్లాస్టిక్ కాగితం మీద పడినదే తియ్యాలి, మూతకున్న చెంచాతో. ఉచ్చ కలవకూడదు. ఇప్పుడే తెస్తే ఐసు పెట్టెలో పెట్టి..."

"ఆ డబ్బా నాకివ్వకు."

"ఏం?"

"ఇవ్వకు అంతే. ఈ తంటా అంతా దాంతోనే వచ్చింది."

"ఏం తంటా? పెద్దమ్మా, ఇటు చూడు. నా వైపు చూడు. ఏమైంది?"

"అది వాడిది కాదు."

"ఏది?"

"సోమవారం డబ్బాలోది. పిచ్చుకది కాదు."

"... ఏమంటున్నావు నువ్వు?"

"వాడిది కాదు తల్లీ."

"పేరు రాసి అతికించింది నేను. నీ చేతికిచ్చింది నేను. నీ దగ్గర తీసుకున్నది నేను. వాడిది కాకపోతే ఎవరిది?"

"వేరే పిల్లది."

"మొన్నటిదేనా, ఇంకా ఉన్నాయా?"

"నాలుగు."

"నాలుగా! నాలుగు సోమవారాలూ?"

"మొదటి రెండూ వాడివే. తర్వాత నాలుగూ కాదు."

"అయ్యో, అయ్యో... నీకేమైనా మతి పోయిందా? నేనెంత సంబరపడ్డానో తెలుసా? పేగులు కుదురుకుంటున్నాయి, మంచి క్రిములు పెరుగుతున్నాయి, బక్కపిల్లలకి మనమిచ్చే ముద్ద పొట్లాలు పనిచేస్తున్నాయని డాక్టరుగారికి గీతలు గీసి చూపించాను. పైకెళ్ళే గీత! ఆయన భుజం తట్టారు. బరువేమో పెరగడం లేదు, తూకంలో తేడా ఉందేమోనని త్రాసు మార్పించాను. త్రాసు! మూడు వందల పిల్లల లెక్కలో కలిసిపోయింది అది. ఎందుకు చేశావీ పని?"

"పేరు కొట్టేస్తానన్నావు."

"నేనా?"

"నువ్వే. మూడుసార్లు డబ్బా తేకపోతే పేరు కొట్టేస్తారు, పేరు కొట్టేస్తే పొట్లాలు ఆగిపోతాయి అన్నావు. వాడు నోట పెట్టేది ఆ ముద్ద ఒక్కటే. పాలు కక్కేస్తాడు, జావ కక్కేస్తాడు. నీ ముద్ద మాత్రం వేలితో రాస్తే నాకుతాడు. అది ఆగిపోతే నేనేం పెట్టను వాడికి?"

"డబ్బా తెస్తే ఆగదు కదా. తేవాల్సింది వాడిదే కదా!"

"ఎలా తెచ్చేది? నీళ్ళే కదా పోయేది. ప్లాస్టిక్ కాగితం వెయ్యమన్నావు, వేశాను. కాళ్ళు కొట్టుకుంటాడు, అది పక్కకి జరుగుతుంది, అంతా గుడ్డలో ఇంకిపోతుంది. గుడ్డ పిండి చెంచాడు పట్టాను ఒకసారి. దారాలున్నాయి, పనికిరాదు అని తిప్పి పంపేశావు."

"దారాలుంటే పరీక్ష చెడిపోతుంది కాబట్టి..."

"రెండోవారం ఒళ్ళో కూర్చోబెట్టుకుని గంటన్నర చెంచా పట్టుకుని కాచుకున్నాను. చెంచా పట్టుకుని! మా పొరుగావిడ చూసి, ముసలిదానికి ఈ పూజేంటి అని నవ్వింది. చివరికి ఉచ్చా దొడ్డీ కలిసే వచ్చాయి. అదీ పనికిరాదన్నావు. ఇంకొక్కసారి అంతే పెద్దమ్మా అన్నావు. పేరు ఉంచడం, కొట్టెయ్యడం నీ చేతిలో పని. వేలు చూపించి మరీ అన్నావు."

"నాకు... పైనుంచి అలాగే చెప్పమన్నారు."

"ఆ వారం ఉయ్యాల్లో ఇంకో పిల్ల ఉంది. నిక్షేపంగా ఉంది. కాగితం మీద ముద్దలా పడింది. చెంచాతో తీస్తే మీరు గోడకి అంటించిన బొమ్మలోలాగే ఉంది. ఎవరిదైతేనేం, పొట్లాలు వస్తాయి కదా అనుకున్నాను. మీరేమో ఏ పిల్లాడిదని దాని మొహం చూసి కనుక్కుంటారా?"

"పుల్ల ఉంది పెద్దమ్మా."

"ఏం పుల్ల?"

"దూది చుట్టిన పుల్ల. వాడు దొడ్డికి వెళ్ళక్కర్లేదు, గుడ్డ అక్కర్లేదు, చెంచా అక్కర్లేదు. ముడ్డి దగ్గర వేలి కణుపంత లోపలికి పెట్టి తిప్పి తీస్తే చాలు. నిమిషం పని. డబ్బాకి కుదరని పిల్లలకి అదే చేస్తాం."

"నాకు చెప్పలేదే."

"కాగితంలో ఉంది. మొదటిరోజు ఇచ్చాను కదా, రెండో వైపు..."

"కాగితం."

"... చదివి వినిపించాల్సింది నేనే. ఆ రోజు వరసలో నలభైమంది ఉన్నారు."

"వాడి పొట్లాల మీద ఒట్టు తల్లీ, ఆ పుల్ల సంగతి తెలిస్తే నేను ఇంకో బిడ్డ మలం ముట్టుకునేదాన్నా?"

"సరే. సరే, ఏడవకు. నేను ఏడవకూడదు, టైమెంత? పన్నెండూ నలభై. విను. ఆ నాలుగు డబ్బాలూ ఎవరివి?"

"ముందు వాడి సంగతి ఏంటి? పడక?"

"పడక క్రిమి ఉన్నవాళ్ళకి. వాడికి క్రిమి లేదని ఇప్పుడు నీ నోటే చెప్పావు. ఆ పిల్ల ఎవరు?"

"వాడు చచ్చిపోతాడు."

"పెద్దమ్మా, ఆ పిల్లకి అసలు సంగతే తెలీదు. వాళ్ళమ్మకి తెలీదు. చెప్పింది విన్నావు కదా, మూత్రపిండాలు..."

"విన్నాను. అన్నీ విన్నాను. నువ్వు కూడా విను. వాడి చెయ్యి కొలిచే పట్టీ ఉంది కదా నీ దగ్గర, రంగులున్నది. కొలిచి చూడు. తలుపు తియ్యక్కర్లేదు, మా అమ్మాయిని కిటికీ దగ్గరికి పిలుస్తాను. వాణ్ణి మాత్రం అందిస్తుంది. ఒసే, వాణ్ణిటు అందియ్యి. కిటికీలోంచి. వాణ్ణొక్కణ్ణే."

"ఇదేం వింత... ఇలా పట్టుకో. రా నాన్నా. పిచ్చుకా. అయ్యో, తల నిలబెట్టడం లేదేంటి వీడు?"

"మొన్నటినుంచి."

"ఎరుపు. ఎరుపు కింద బాగా లోపలికి. పోయిన నెల పసుపు దగ్గరుంది కదా... పైకెళ్ళే ఆ గీత నమ్మి నేనే సరిగ్గా కొలవలేదేమో. పాదాలు చూడనీ. నొక్కితే గుంట పడుతోంది. పెద్దమ్మా, నీరు పట్టింది."

"నేను చెప్తే నమ్మరు కదా ఎవరూ."

"బక్కపిల్లల వార్డులో ఒక్క పడక లేదు. నిన్న పదకొండుమందిని తిప్పి పంపారు. నేనడిగితే ఇస్తారా?"

"ఆ ఒక్క పడకా వాడికి రాయి. రాస్తే ఆ పిల్ల ఎవరో చెప్తాను."

"బేరమా? పసిపిల్ల ప్రాణం మీద బేరమా? సిగ్గు లేదూ నీకు?"

"లేదు తల్లీ. నెల రోజుల కిందట ఉండేది. మూడు ఆసుపత్రుల గుమ్మాల్లో కాస్త కాస్తగా రాలిపోయింది."

"ఆ పిల్లకేమైనా అయితే?"

"అందుకే తొందరగా రాయమంటున్నాను. ఆ పిల్లకి రిపోర్టు ఉంది. ఎక్కడికెళ్ళినా తీసుకుంటారన్నావు. మీ అంబులెన్సు గేటు దగ్గర నిలబడే ఉంది. పెద్దాసుపత్రి ఎంత దూరం?"

"గంట."

"గంటలో దానికి పడక దొరుకుతుంది. వీడికి? వీడి చేతిలో ఏ కాగితం ఉంది చూసి తీసుకోడానికి? వీడికున్న రోగానికి పేరే లేదు, ఆకలి తప్ప."

"అది అంత సులువు కాదు..."

"నువ్వు చెప్పిందే చెప్తున్నాను. నేను చదువుకున్నదాన్ని కాదు, విన్నదాన్ని పట్టుకుని బతికేదాన్ని."

"ఉండు. మాట్లాడకు. ఆలోచించనీ... పుల్లతో ఇప్పుడే తీస్తాను. కొత్త శాంపిల్ అని రాస్తాను. పాతది అనుమానంగా ఉంది, ఫలితం వచ్చేదాకా పడక ఈ పిల్లాడి పేరనే ఉంచాలి అని. అది అబద్ధం కాదు. మూడు రోజులు పడుతుంది. మూడు రోజుల్లో సెలైనూ గొట్టంతో పాలూ ఎక్కితే, తర్వాత వాణ్ణి బయటికి పొమ్మనే ధైర్యం ఎవరికీ ఉండదు. కాళ్ళు పట్టుకో. ఇలా కాదు, మోకాళ్ళు కడుపుకి ఆనించు."

"ఏడుస్తాడేమో."

"ఏడిస్తే బాగుండు. అయిపోయింది. చూశావా, ఇంతే."

"ఇంతేనా."

"ఇంతే. చెడిపోకుండా నీలం నీళ్ళలో వేశాను. ఇప్పుడు మాట్లాడకు, ఫోన్ చేస్తున్నాను. హలో, సార్, నేనే, శాంపిళ్ళ గది నుంచి. ఆ పడక సంగతి సార్. ఆ పిల్లాడే. చెయ్యి ఎరుపులో ఉంది, పాదాలకి నీరు కూడా... లేదు సార్, కొత్త శాంపిల్ తీశాను, పాతదాని మీద నాకు అనుమానం ఉంది... వచ్చి చెప్తాను సార్, పెద్ద తప్పే జరిగింది, నా తప్పు కూడా ఉంది... అవును సార్. పడక మాత్రం వాడికే ఉంచండి. తర్వాత ఇంకెవరైనా వచ్చినా సరే సార్... ఆఁ, పెద్దాసుపత్రికి పంపుదాం. నా పూచీ. థాంక్యూ సార్."

"ఏమన్నారు?"

"ఇచ్చేశారు. నాలుగో నంబరు పడక. కిటికీ పక్కది."

"నీ కడుపు చల్లగుండ!"

"దీవెనలు తర్వాత. ఇదిగో, పెద్దాసుపత్రికి చీటీ కూడా రాసేశాను. క్రిమి పేరు, రిపోర్టు నంబరు, అన్నీ ఉన్నాయి. పిల్ల పేరు దగ్గర ఖాళీ వదిలాను. మీ వీధేనా? ఏ ఇల్లు? అంబులెన్సుని అటు పంపిస్తాను. వాళ్ళమ్మ ఎక్కడ పనిచేస్తుంది?"

"అంబులెన్సు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు."

"ఎందుకు?"

"ఆ పిల్లని వెంట తెచ్చాను. నీ ఫోన్ రాకముందే బయల్దేరాను. నీకు తెలీకుండా ఎవరికైనా చూపిద్దామని. పదింటప్పుడు నెత్తురు జీర పడింది, అప్పట్నుంచి కళ్ళు తెరవడం లేదు."

"తెచ్చావా? మరి ఇంతసేపూ! ఎక్కడ?"

"బెంచీ మీద. మా అమ్మాయి ఒళ్ళో."

"మీ అమ్మాయి ఒళ్ళో ఉంటే... ఆవిడ తలుపు తీస్తుంటే నువ్వు... పెద్దమ్మా, నువ్వు పగలు చూసేది ఇద్దర్నే కదా."

"ఇద్దర్నే తల్లీ."

"నా కళ్ళలోకి చూసి చెప్పు. ఎవరా పిల్ల?"

"చిట్టి. నాలుగు సోమవారాలూ నువ్వు మూత తీసి, బాగుంది పెద్దమ్మా అని మురిసిపోయింది నీ కూతురిది చూసే."

— నన్ను అందరూ కుట్టుమిషనమ్మ అంటారు. వయసు అరవై తొమ్మిది. ఇప్పుడు ఉండేది చిన్నకోడలి ఇంట్లో, మేడ మీద గదిలో.